పరాయి యంత్రం మీద

2003 వేసవిలో, కాకినాడలో, నాకున్న కోరిక ఒక్కటే. లినక్స్ తెర మీద ‘స్త్రీ’ అన్న మాట సరిగ్గా కనబడాలి. చూడ్డానికి చిన్న మాటే. యూనికోడ్‌లో మాత్రం దానికి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరింటినీ దగ్గరకు చేర్చి, ఒత్తులు రెండూ కింద సర్ది, గుడిని పైన పెట్టి, ఒక్క అక్షరంగా నిలబెట్టడం ఫాంటు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. దానికో లైబ్రరీ కావాలి. నేను వాడే లినక్స్ ప్రోగ్రాములకు ఆ పని చేసిపెట్టే లైబ్రరీ పేరు పాంగో. ‘అన్నీ’ అనే గ్రీకు మాట ‘పాన్’కీ, ‘భాష’ అనే జపాను మాట ‘గో’కీ ముడివేసి పెట్టిన పేరది.

మా కాలేజీ ల్యాబ్‌లో ఉన్న పాంగో పాతది. అందులో ‘స్త్రీ’ ముక్కలైపోయి, పొల్లులు విడిగా వేలాడుతూ కనబడేది. కొత్త వెర్షన్‌లో మన లిపుల కోసం ఐబీఎం వాళ్ల ఐసీయూ లైబ్రరీ నుంచి తెచ్చిన కోడ్ చేరిందని చదివాను. అది మా లినక్స్‌కు రెడీమేడ్‌గా దొరకలేదు. సోర్సు తెచ్చుకుని మనమే కంపైల్ చేసుకోవాలి.

తీగ లాగితే డొంకంతా కదిలింది. పాంగోకు గ్లిబ్ కావాలి, ఫ్రీటైప్ కావాలి, ఫాంట్‌కాన్ఫిగ్ కావాలి. పాంగోను వాడుకునే జీటీకేకు ఏటీకే అనే మరో లైబ్రరీ, పైగా జేపెగ్, టిఫ్, పీఎన్‌జీ బొమ్మల లైబ్రరీలూ కావాలి. ఇవన్నీ ఎక్కడెక్కడున్నాయో చెప్పడానికి పీకేజీ-కాన్ఫిగ్ అనే ఇంకో ప్రోగ్రాము. నెట్ సెంటర్‌లో రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ దించి, సీడీ రాయించుకుని ల్యాబ్‌కి వెళ్లాను. ప్రతి సోర్సుతోనూ వచ్చే కాగితం ఒకే మంత్రం చెప్పేది: కాన్ఫిగర్ నడుపు, మేక్ అను, మేక్ ఇన్‌స్టాల్ అను.

గ్లిబ్ సాఫీగా కట్టుబడింది. దాని తర్వాతి లైబ్రరీ దగ్గర కాన్ఫిగర్ ఆగిపోయింది. గ్లిబ్ ఉందా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు రాసుకుంది. ఇప్పుడే కదా నా చేతులతో పెట్టాను! మళ్లీ పెట్టాను. మళ్లీ లేదంది. ఇలా మూడుసార్లు.

ల్యాబ్ చూసుకునే మేస్టారు నా వెనక నిలబడి కాసేపు చూశారు. “ఆఖరి లైనే చదువుతున్నావు బాబూ. దానిపైన ఏదో రాశాడు చూడు” అన్నారు. పైకి జరిపి చూస్తే, ‘లేదు’ కింద ఎనిమిది పది లైన్ల ఉత్తరం లాంటిది ఉంది. పరీక్ష కోసం రాసిన చిన్న ప్రోగ్రాము కంపైల్ అయింది గానీ నడవలేదు, అంటే నడిచే వేళ లైబ్రరీని వెతికే లింకర్‌కు గ్లిబ్ దొరకడం లేదన్నమాట, లేదా తప్పు వెర్షన్ దొరుకుతోంది, ఫలానా ఫైల్లో ఆ డైరెక్టరీ పేరు చేర్చి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపి చూడు అని దాని సారాంశం. మేస్టారు ఆ ఫైలు తెరిపించారు. నేను గ్లిబ్‌ను పెట్టిన స్లాష్ యూజర్ స్లాష్ లోకల్ స్లాష్ లిబ్ పేరు అందులో లేనే లేదు. ఒక్క లైను చేర్చాం. ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాం. గ్లిబ్ ‘ఉంది’ అయిపోయింది.

“లేదు అన్నాడంటే లేదని కాదు. ఎందుకు లేదన్నాడో అడుగు” అన్నారు మేస్టారు. ఆ మాట పట్టుకునే ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఎవరో రాసిన సోర్సును వాళ్లెప్పుడూ చూడని యంత్రాల మీద కట్టడం నా ఉద్యోగం. ఈ పనికి ఒక చరిత్ర ఉందనీ, మన తెర మీద పడే ప్రతి ఎర్రర్ వెనకా ఒక మనిషి, ఒక సంవత్సరం, ఒక పాత యంత్రం ఉంటాయనీ నాకు మెల్లగా తెలిసింది.

మొదట్లో పరాయి యంత్రం అన్న సమస్యే లేదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి స్టీవ్ జాన్సన్ కోపంగా వచ్చాడు. యాక్ అనే పార్సర్ పనిముట్టు రాసిన జాన్సన్ ఆయనే. తప్పేమీ లేని ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఆ పూట పొద్దుటంతా పోగొట్టుకున్నాడు. తప్పును ఎప్పుడో దిద్దాడు గానీ, దిద్దిన ఫైలును తిరిగి కంపైల్ చేయడం మరిచాడు. పాత ఆబ్జెక్ట్ ఫైలే మళ్లీ మళ్లీ లింకవుతూ వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఫెల్డ్‌మన్‌కీ అచ్చంగా ఇదే అయింది. ఇద్దరి బాధా ఒకటే కావడంతో, ఆ వారాంతంలోనే ఫెల్డ్‌మన్ మేక్ రాసేశాడు. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో రాసిపెడితే, ఏది ఎప్పుడు మారిందో గడియారం చూసి, కట్టాల్సిందే కడుతుంది. అంతే. 2003లో ఏసీఎం సంస్థ ఆయనకు సాఫ్ట్‌వేర్ సిస్టం అవార్డు ఇచ్చింది. నేను కాకినాడలో మేక్ అని కొడుతున్న సంవత్సరమే అది!

మేక్‌ఫైల్లో ఆదేశం ఉన్న లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. ఎనిమిది ఖాళీలు కొట్టినా కంటికి అలాగే కనబడుతుంది, మేక్ మాత్రం ఒప్పుకోదు. కొత్తవాళ్లు ఎంతమంది ఇక్కడ పడిపోవడం చూశానో. ఫెల్డ్‌మనే ఆ సంగతి చెప్పాడు: ట్యాబ్ పద్ధతి తొందరలో, తేలికగా ఉంటుందని పెట్టిందే. కొన్ని వారాలకు మార్చుదామనుకునే సరికి మేక్ వాడేవాళ్లు ఓ డజనుమంది తయారయ్యారు, వాళ్లను ఇబ్బంది పెట్టలేక ఊరుకున్నాడు. ఆ డజనుమంది మీద చూపిన మర్యాదను దాదాపు యాభై ఏళ్లుగా ప్రపంచమంతా మోస్తోంది. నాకు ఆయన మీద కోపం రాదు. పక్క గదిలో పనిచేసే డజనుమందే తన లోకం అయినప్పుడు ఎవరైనా అంతే చేస్తారు.

పక్క గది దాటాకే అసలు కష్టం. 1980ల్లో యూనిక్స్ ఒకటి కాదు. బర్క్‌లీది ఒక దారి, ఏటీ అండ్ టీ సిస్టం ఫైవ్‌ది ఇంకో దారి, యంత్రాలు అమ్మే ప్రతి కంపెనీదీ మరో దారి. ఒకచోట ఉన్న ఫంక్షన్ మరోచోట ఉండదు. ఒకే ఫంక్షన్ ఇక్కడ ఒక హెడర్‌లో ఉంటే అక్కడ ఇంకో హెడర్‌లో ఉంటుంది. ల్యారీ వాల్ పెర్ల్ భాషకు ముందే, 1984లో, వార్తలు చదివే ఆర్‌ఎన్ అనే ప్రోగ్రాము రాశాడు. దానితో పాటు కాన్ఫిగర్ అనే షెల్ స్క్రిప్టును పంపాడు. అది యంత్రాన్ని కొన్ని ప్రశ్నలు అడిగేది, మనిషిని మరికొన్ని అడిగేది. సోర్సు తన ఊరు దాటి పోతే అక్కడి మట్టిని పరీక్షించుకుని మొలకెత్తాలన్న ఆలోచన నాకు మొదట కనబడేది అక్కడే.

ఏడేళ్ల తర్వాత, 1991 జూన్‌లో, డేవిడ్ మెకెంజీ గ్నూ ప్రాజెక్టు కోసం ఎల్‌ఎస్, సీపీ లాంటి నిత్యావసర ప్రోగ్రాములు చూసుకుంటున్నాడు. వాటిని కట్టాలంటే వాడేవాళ్లు మేక్‌ఫైల్ తెరిచి దాదాపు ఇరవై ఆప్షన్లలో తమ యంత్రానికి సరిపడేవి ఏరుకోవాలి. వాళ్ల కష్టం ఒక ఎత్తు, ప్రతి విడుదలనూ రకరకాల యంత్రాల మీద పరీక్షించాల్సిన ఆయన కష్టం ఒక ఎత్తు. సరైన జవాబులను తనే ఊహించుకునే చిన్న షెల్ స్క్రిప్టు రాసి ఫైల్‌యుటిల్స్ 2.0తో విడుదల చేశాడు. అది బాగా పనిచేసింది. చేత్తోనే మార్చి మిగతా ప్యాకేజీలకూ పెట్టాడు. ఒక దిద్దుబాటు వస్తే అన్ని స్క్రిప్టుల్లోనూ వెతికి మార్చడం. ఇంతలో గ్నూ గ్రాఫిక్స్ చూసే రిచ్ మర్ఫీ ఉత్తరం రాశాడు, ఈ స్క్రిప్టులను పుట్టించే పనిముట్టు ఏదైనా ఉంటే పంపమని. అలాంటిది లేదు, కానీ ఉండాలి కదా అనుకున్నాడు మెకెంజీ. ఆటోకాన్ఫ్ అలా పుట్టింది.

ఆటోకాన్ఫ్ చేసేది వినడానికి వింతగా ఉంటుంది. యంత్రం పేరు అడగదు, దాని కులగోత్రాలు అడగదు. ఒక్కొక్క సంగతికీ కాన్ఫ్‌టెస్ట్.సీ అనే బుల్లి సీ ప్రోగ్రాము రాసి, దాన్ని కంపైల్ చేసి చూస్తుంది. కంపైలైతే ఉంది. కాకపోతే లేదు. పేరు చూసి నిర్ణయిస్తే రేపు కొత్త యంత్రం వచ్చిన రోజున పాత జాబితా పనికిరాదు. చేసి చూస్తే ఎప్పటికీ పనికొస్తుంది. అది ఎంత గొప్ప నిర్ణయమో, 1991లో ఎవరూ ఊహించని ఫోన్ల ప్రాసెసర్ల మీద కూడా అవే స్క్రిప్టులు నడుస్తుంటే తెలుస్తుంది. వాడేవాళ్ల దగ్గర ఆటోకాన్ఫ్ కూడా ఉండనక్కర్లేదు. ఎమ్4 అనే పాత మాక్రో భాషలో రాసినదంతా చివరికి మామూలు షెల్ స్క్రిప్టుగా మారి టార్‌బాల్ అనే సోర్సు మూటలో వస్తుంది. షెల్ లేని యూనిక్స్ లేదు కదా.

కానీ జవాబు రెండే రకాలు: ఉంది, లేదు. ప్రశ్న సరిగ్గా అడగలేకపోయినా కంపైల్ కాదు. అప్పుడూ జవాబు ‘లేదు’ అనే వస్తుంది. అసలు సంగతి కాన్ఫిగ్.లాగ్ అనే ఫైల్లో ఉంటుంది. ఏ ప్రోగ్రాము రాసింది, ఏ ఆదేశంతో కంపైల్ చేసింది, కంపైలర్ ఏమని తిట్టింది, అన్నీ పొల్లుపోకుండా. వేల లైన్ల ఆ ఫైలును తెరవకుండా సోర్సును తిట్టేవాళ్లను చూస్తే నాకు మనసు కష్టమవుతుంది. అంత జాగ్రత్తగా రాసిపెట్టిన వాంగ్మూలం అది.

కాకినాడలో నాకు దారి చూపిన ఆ ఉత్తరం ఎవరు రాశారో చాలా ఏళ్లకు తెలిసింది. గ్లిబ్‌తో వచ్చే ఎమ్4 ఫైలు తెరిస్తే పైన ఓవెన్ టేలర్ పేరు, 1997 అన్న సంవత్సరం ఉన్నాయి. పాంగో రాసిన ఓవెన్ టేలరే! ఆయన అందులో ‘లేదు’ను ముక్కలుగా విడదీశాడు. ప్రోగ్రాము కంపైలే కాలేదా? కంపైలై నడవలేదా? నడిచింది గానీ హెడర్ చెప్పే వెర్షన్ ఒకటి, దొరికిన లైబ్రరీ వెర్షన్ ఇంకొకటా? ఒక్కోదానికి ఒక్కో సలహా. ఎక్కడో కూర్చుని, తనకు తెలియని ఊళ్లో తెలియని పిల్లవాడు ఎక్కడ చిక్కుకుంటాడో ముందే ఆలోచించి రాసిన మాటలవి. తెలుగు అక్షరం తెర మీద కుదురుకోవడంలో ఆయన రాసిన లైబ్రరీకి ఎంత వాటా ఉందో, నా వరకు ఆ ఎనిమిది పది లైన్లకూ అంతే వాటా ఉంది.

ఏళ్లు గడిచేకొద్దీ లైబ్రరీలు ఎక్కువైపోయాయి. మొదట్లో ప్రతి లైబ్రరీ తన చిరునామా చెప్పడానికి సొంత స్క్రిప్టు ఒకటి వెంట తెచ్చుకునేది: గ్లిబ్-కాన్ఫిగ్, జీటీకే-కాన్ఫిగ్, ఇలా. 2000 ప్రాంతంలో జేమ్స్ హెన్‌స్ట్రిడ్జ్ వీటన్నిటికీ బదులు ఒక్క పీకేజీ-కాన్ఫిగ్ రాశాడు. ప్రతి లైబ్రరీ ఒక చిన్న పీసీ ఫైలు పెడుతుంది, హెడర్లు ఇక్కడ, లైబ్రరీ ఇక్కడ, నాకు కావాల్సినవి ఇవి అని. ఆ ఫైలు వెతికే దారిలో లేకపోతే మళ్లీ ‘లేదు’. డెబియన్ లాంటి లినక్స్‌లలో మరో మెలిక ఉంది. నడపడానికి కావాల్సిన లైబ్రరీ ఒక ప్యాకేజీలో, కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్లూ పీసీ ఫైలూ డెవ్ అని పేరు చివర ఉండే వేరే ప్యాకేజీలో ఉంటాయి. లైబ్రరీ కళ్లెదుటే ఉన్నా లేదంటోందని వచ్చేవాళ్లకు, నా అనుభవంలో, పదింట ఏడుసార్లు చెప్పాల్సింది ఈ ఒక్క మాటే.

ముక్కలను కలిపి ప్రోగ్రాముగా కట్టే లింకర్ దగ్గర చిక్కులు ఇంకా పాతవి. స్టాటిక్ లైబ్రరీలను లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదువుకుంటూ పోతుంది. అప్పటికి ఎవరైనా అడిగిన ఫంక్షనే తీసుకుంటుంది. అడిగేవాడు తర్వాత వస్తే, ఇచ్చేవాడు అప్పటికే వెనక్కి వెళ్లిపోయి ఉంటాడు. అందుకే ఏ లైబ్రరీ ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి అన్నది ఇప్పటికీ ముఖ్యం. అప్పట్లో లైబ్రరీ లోపలి ఫైళ్లకూ ఇదే బెడద. వాటిని వరసలో పేర్చడానికి లోర్డర్, టీసార్ట్ అని రెండు పనిముట్లు ఉండేవి. రాన్‌లిబ్ వచ్చి లైబ్రరీకి ఒక విషయసూచిక పెట్టాక లోర్డర్ అవసరం తీరిపోయింది. టీసార్ట్ ఇప్పటికీ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంది. దానికీ పనికీ ఉన్న సంబంధం మరిచిపోయిన ఇంట్లో పాత రోలులా.

విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు మాత్రం మా తరం తెచ్చుకున్నది. పాంగో ఇప్పుడు మన అక్షరాలను తనే పేర్చదు, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ నడిపే ఆ లైబ్రరీ మూలం ఫ్రీటైప్ నుంచి వచ్చిన కోడే. హార్ఫ్‌బజ్‌ను కట్టేటప్పుడు మామూలుగా ఫ్రీటైప్ అండ కావాలి. ఫ్రీటైప్ ఏమో అక్షరాల అంచులు తీర్చే పనిలో హార్ఫ్‌బజ్ సాయం తీసుకోవడం మొదలెట్టింది. రెండూ సోర్సు నుంచి కట్టాలంటే నేను చేస్తూ వచ్చింది ఇదే: హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్ ఒకసారి, దాని మీద హార్ఫ్‌బజ్, ఆ తర్వాత హార్ఫ్‌బజ్‌తో కలిపి ఫ్రీటైప్ మళ్లీ ఒకసారి. తెలుగు చదివే చాలా లినక్స్ తెరల వెనక ఈ మూడు అడుగుల నడక ఎవరో ఒకరు నడిచే ఉంటారు.

2024లో రెండు సంగతులు జరిగాయి. రెండూ ‘లేదు’ అన్న మాటకు చెందినవే.

మే నెలలో జీసీసీ అనే సీ కంపైలర్ 14వ వెర్షన్ వచ్చింది. ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే అన్నేళ్లూ హెచ్చరికతో వదిలేసిన కంపైలర్, ఇక నుంచి తప్పుగా లెక్కేసి ఆపేస్తుంది. 1999 నాటి సీ ప్రమాణమే దాన్ని తీసేసింది కాబట్టి అది న్యాయమే. పాత కోడ్ ఆగిపోతే తెలుస్తుంది, దిద్దుకుంటాం. తెలియనిది కాన్ఫిగర్ లోపల జరిగేది. పాత స్క్రిప్టుల్లోని కాన్ఫ్‌టెస్ట్ ప్రోగ్రాములు కొన్ని హెడర్లు చేర్చకుండా రాసినవి. కొత్త కంపైలర్ కింద అవి కంపైల్ కావు. కాన్ఫిగర్ ఆగదు, ఎర్రర్ చూపదు, ఆ ఫంక్షన్ ఈ యంత్రంలో లేదని రాసుకుని ముందుకు పోతుంది. లైబ్రరీ కట్టుబడుతుంది కూడా, ఒక అవయవం లేకుండా. ఆ ఏడాది పాత, కొత్త కంపైలర్లతో వచ్చిన కాన్ఫిగ్.లాగ్‌లను పక్కపక్కన పెట్టుకుని, ‘ఉంది’ నుంచి ‘లేదు’కు మారిన లైన్లు ఏరుతూ చాలా రాత్రులు గడిపాను.

దానికి ముందు, మార్చి 29న, ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామరు ఒక సంగతి బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని కూపీ లాగితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దొరికింది. సర్వర్లలోకి చొరబడడానికి పెట్టిన దారి. దాన్ని మామూలు సీ కోడ్‌లో దాచలేదు. కట్టే పనిముట్లలో దాచారు. టార్‌బాల్‌లోని ఒక ఎమ్4 ఫైలు, పరీక్ష కోసం పెట్టినట్టున్న ఫైళ్లలోంచి స్క్రిప్టును బయటికి తీసి, కంపైల్ మధ్యలో చొప్పించేది. సోర్సులో మార్పులన్నీ దాచే గిట్‌లో మాత్రం ఆ ఎమ్4 రూపం లేదు. కాన్ఫిగర్‌ను తమ యంత్రం మీదే తిరిగి పుట్టించుకునేవాళ్లకు కూడా రక్షణ దొరకలేదు, పుట్టించేది ఆ ఎమ్4 నుంచే కాబట్టి. మెకెంజీ, టేలర్ తెలియని మనుషులకు సాయం చేయడానికి వాడిన చోటునే వేరొకరు ఇలా వాడుకున్నారు. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి టార్‌బాల్‌నూ గిట్‌నూ ఫైలు ఫైలూ పోల్చనిదే ఏదీ కట్టను.

అందరూ ఆ ఎమ్4 గురించే మాట్లాడుకున్నారు. నన్ను ఎక్కువ పట్టుకున్నది అదే ఎక్స్‌జెడ్‌లో దొరికిన ఇంకో చిన్న వస్తువు. ఎక్స్‌జెడ్‌ను సీమేక్ అనే మరో పనిముట్టుతో కట్టే దారి కూడా ఒకటుంది. అందులో ల్యాండ్‌లాక్ అనే లినక్స్ రక్షణ ఈ యంత్రంలో ఉందా అని అడిగే పరీక్ష ఉంది. కాన్ఫ్‌టెస్ట్ లాగానే ఒక చిన్న సీ ప్రోగ్రాము, కంపైలైతే ఉంది, కాకపోతే లేదు. పైన హెడర్లు, కింద ఫంక్షన్. ఆ రెంటి మధ్య, లైను మొదట్లో, ఒక చుక్క. అలా విడిగా పడిన చుక్కతో సీ ప్రోగ్రాము ఎక్కడా కంపైల్ కాదు. ల్యాండ్‌లాక్ ఉన్న యంత్రం మీద కూడా జవాబు ‘లేదు’. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. రక్షణ లేకుండానే ప్రోగ్రాము తయారవుతుంది.

గొడవ బయటపడ్డాక ఆ ప్రాజెక్టును మొదటి నుంచీ చూసుకుంటున్న లస్సె కొల్లిన్ సోర్సు మొత్తం తిరగేస్తూ దీన్ని పట్టుకున్నాడు. ఆయన చేసిన దిద్దుబాటును గిట్‌లో ఎవరైనా చూడొచ్చు. దిద్దింది ఒకే లైను. ఆ లైనులో ఉన్నది ఒక్క చుక్క.